సముద్రం లెక్కలు: కోరంగి నుంచి ప్రగతినగర్ దాకా

దీపావళి సంచికలో తుఫానుల గొడవ ఏమిటని మిత్రులు అడగవచ్చు. కోస్తా జిల్లాల్లో పుట్టి పెరిగిన వాళ్ళు మాత్రం అడగరు. దసరా, దీపావళి, నాగులచవితి, కార్తీక పౌర్ణమి వచ్చే రోజులూ బంగాళాఖాతంలో వాయుగుండాలు లేచే రోజులూ ఒకటే. పిండివంటలు ఒక పక్క, రేడియోలో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరవేశారో వినడం ఒక పక్క, ఇదే మనకు తెలిసిన పండగ. ఆ రేడియో వార్త వెనక ఎన్ని దేశాల వాళ్ళ లెక్కలు ఉన్నాయో, ఆ లెక్కలు ఒకరితో ఒకరు పంచుకోవడానికి మనుషులకు ఎన్నేళ్ళు పట్టిందో చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. చిత్రమేమిటంటే, ఈ కథలో మొదటి అంకం మన గోదావరి ముఖద్వారంలోనే జరిగింది.

కోరంగి పేరు ఈ రోజు మడ అడవుల వల్ల వినబడుతోంది కాని, రెండు వందల ఏళ్ళ క్రితం అది పెద్ద ఓడరేవు. ఓడలు కట్టేవారు, మరమ్మతులు చేసేవారు. సముద్రం దాటిన తెలుగువాళ్ళలో తొలితరం వాళ్ళు ఎక్కువ మంది ఓడ ఎక్కింది ఆ ప్రాంతంలోనే. బర్మాలో తెలుగువాళ్ళందరినీ 'కోరంగీలు' అనేవారు. మారిషస్‌కి 1843లో తెలుగు కూలీలను తీసుకెళ్ళిన ఓడ పేరులోనూ కోరంగి ఉంది. విమానం ఎక్కి వచ్చిన మనం ఆ కోరంగీల వరసలో చివరి వాళ్ళమే అనుకుంటే తప్పు లేదు.

ఆ ఊరిని 1789 డిసెంబరులో సముద్రం ఒకదాని వెనక ఒకటిగా మూడు కెరటాలతో ముంచింది. ఇరవై వేల మంది పోయారని ఆనాటి వాళ్ళు రాశారు. 1839 నవంబరులో మళ్ళీ తుఫాను వచ్చి, ఆ రేవు ఇక పూర్వ వైభవానికి తిరిగి రాకుండా చేసింది.

కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అని ఒకాయన ఉండేవాడు. పూర్వం ఓడ కెప్టెను. ఆ రోజుల్లో తుఫాను అంటే గాలి ఒకే దిక్కుగా విసురుగా కొట్టడం అనే చాలామంది అనుకునేవారు. అది గుండ్రంగా తిరుగుతుందా లేదా అన్నది తేలాలంటే ఒక్క ఓడ చెప్పింది చాలదు. ఒకే రోజు ఒకే తుఫానులో చిక్కుకున్న పది ఓడలు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఒక్కొక్క దాని దగ్గర గాలి ఏ దిక్కు నుంచి వీచిందో, బారోమీటరు ఎంత పడిందో అన్నీ ఒక పటం మీద పెట్టి చూడాలి. పిడింగ్టన్ చేసింది అదే. రేవుకు వచ్చిన కెప్టెన్లను పట్టుకుని లాగ్‌బుక్కులు అడిగి నకళ్ళు రాసుకున్నాడు. కోరంగిని ముంచిన 1839 తుఫానునూ అలాగే విప్పి చూశాడు. గాలి పాములా చుట్టలు చుట్టుకుని తిరుగుతోందని తేల్చి, గ్రీకు మాట నుంచి 'సైక్లోన్' అనే పేరు పెట్టాడు. ఈ రోజు ప్రపంచమంతా వాడే ఆ మాట బంగాళాఖాతపు నీళ్ళలో పుట్టిందన్నమాట.

ఇక్కడ గమనించవలసింది ఒకటి ఉంది. పిడింగ్టన్ దగ్గర కొత్త పరికరం ఏదీ లేదు. బారోమీటరు అప్పటికే రెండు వందల ఏళ్ళ పాతది. ఆయన చేసిన కొత్త పనల్లా వేరువేరు యజమానుల ఓడల్లో, వేరువేరు పెట్టెల్లో పడి ఉన్న కాయితాలను ఒక బల్ల మీదకు తేవడం. వ్యాపారం చేసే ఓడకి తన దారి, తన ఆలస్యం బయటికి చెప్పడం అంత ఇష్టమైన పని కాదు. అయినా ఇచ్చారు, ఎందుకంటే రేపటి తుఫానులో వాళ్ళే ఉండవచ్చు.

అదే సూత్రం అమెరికాలో ఇంకొకాయనకు బాగా తెలుసు. నేవీలో పని చేసిన మాథ్యూ మోరీ కెప్టెన్లతో ఒక బేరం పెట్టుకున్నాడు: నీ లాగ్‌బుక్కు వివరాలు నాకు పంపు, గాలులూ ప్రవాహాలూ చూపించే నా పటాలు నీకు ఊరికే ఇస్తాను. 1853లో బ్రస్సెల్స్‌లో పది దేశాల వాళ్ళు కూర్చుని అన్ని ఓడలూ ఒకే నమూనాలో లెక్కలు రాయాలని నిర్ణయించుకున్నది ఆయన చొరవ వల్లే. ఇంజనీర్లకు నేను చెప్పనక్కరలేదు, కొలతలు కలవాలంటే ముందు కాలమ్‌లు కలవాలి.

కాని ఓడల లెక్కలు కలిసినా ఒడ్డున ఉన్న వాళ్ళకు హెచ్చరిక చెప్పే నాథుడు లేడు. 1864 అక్టోబరు 5న కలకత్తాను తుఫాను కొట్టింది. యాభై వేల మందికి పైగా చనిపోయారు. నెల తిరగకుండానే, నవంబరు 1న, బందరు మీదకు ఉప్పెన వచ్చింది. ఒక్క రాత్రిలో సుమారు ముప్పై వేల మంది పోయారు. బందరు పట్టణం ఆ దెబ్బ నుంచి చాలాకాలం తేరుకోలేదు. ఆ మరుసటి ఏడు కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికల పద్ధతి మొదలైంది. 1866లోనూ 1871లోనూ వర్షాలు కూడా తప్పాక, ప్రాంతానికొకరు చొప్పున విడివిడిగా లెక్కలు రాసుకుంటే లాభం లేదని తేలి, 1875లో హెన్రీ బ్లాన్‌ఫర్డ్ ఆధ్వర్యంలో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. బందరులో పోయిన ప్రాణాలు ఆ పునాదిలో ఉన్నాయి.

అన్నీ దొరలే చేశారనుకోవద్దు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు 1840 ప్రాంతంలో డాబాగార్డెన్స్‌లో సొంత డబ్బుతో నక్షత్రశాల కట్టించారు. ఆయన తరవాత అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు గారు దాన్ని నడిపి, 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటిపోవడాన్ని అక్కడి నుంచి పరిశీలించారు. లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో ఫెలో అయ్యారు. ఆకాశంతో పాటు వానా, గాలీ లెక్కలు కూడా అక్కడ రాసేవారు. విశాఖలో పెరిగిన నాకు ఈ మామా అల్లుళ్ళ పేర్లు ఈ దేశం వచ్చాక ఒక లైబ్రరీలో పుస్తకాలు తిరగేస్తుంటే తెలిశాయి. డాబాగార్డెన్స్‌లో సినిమా హాళ్ళు తెలిసినంతగా ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఇప్పుడు వంద ఏళ్ళు ముందుకు దూకి, మనలో చాలామందికి పరిచయం ఉన్న ఊరికి వద్దాం. మేరీలాండ్‌లో సిల్వర్ స్ప్రింగ్. 1950 ఏప్రిల్ 5 సాయంత్రం అక్కడ జేమ్స్ వాన్ ఆలెన్ ఇంట్లో కొద్దిమంది శాస్త్రజ్ఞులు భోజనానికి కూర్చున్నారు. బ్రిటన్ నుంచి వచ్చిన సిడ్నీ చాప్‌మన్ గౌరవార్థం ఆ విందు. మాటల్లో లాయిడ్ బెర్క్‌నర్ ఒక సంగతి ఎత్తాడు. 1882లో ఒకసారి, 1932లో ఒకసారి దేశాలు కలిసి ధ్రువ ప్రాంతాల లెక్కలు సేకరించాయి కదా, మూడోసారి మళ్ళీ యాభై ఏళ్ళు ఆగడం ఎందుకు, ఇరవై అయిదేళ్ళకే చేద్దాం అన్నాడు. ఆ భోజనాల బల్ల మీద పుట్టిన ఆలోచనే పెరిగి ధ్రువాలు దాటి మొత్తం భూగోళానికి వ్యాపించి, 'అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం' అయింది. పేరుకు సంవత్సరం కాని, 1957 జూలై 1 నుంచి 1958 డిసెంబరు 31 దాకా, పద్దెనిమిది నెలలు. 67 దేశాలు పాల్గొన్నాయి. అమెరికా, రష్యా ఒకదాని మీద ఒకటి బాంబులు గురిపెట్టుకున్న రోజులవి.

ఆ సమయంలో భూగణిత, భూభౌతిక శాస్త్రాల అంతర్జాతీయ సంఘానికి అధ్యక్షుడుగా 1954 నుంచి 1957 దాకా ఉన్నది మన దేశం వాడైన కె.ఆర్. రామనాథన్. ఒకప్పుడు సి.వి. రామన్ దగ్గర పనిచేసినాయన.

ఆ పద్దెనిమిది నెలల్లో స్పుత్నిక్ ఎగిరింది, భూమి చుట్టూ వికిరణ వలయాలు ఉన్నాయని వాన్ ఆలెన్ కనిపెట్టాడు, హవాయిలో మౌనా లోవా కొండ మీద కీలింగ్ గాలిలోని కార్బన్ డయాక్సైడును కొలవడం మొదలుపెట్టాడు. ఇవన్నీ పిల్లల పాఠాల్లో ఉన్నాయి. పాఠాల్లో లేనిది, నా లెక్కలో వీటన్నిటికంటే పెద్దది, ఒక గుమస్తా ఏర్పాటు. 1932 నాటి ధ్రువ సంవత్సరం లెక్కల్లో చాలా భాగం రెండో ప్రపంచ యుద్ధం గందరగోళంలో పోయాయి. ఆ అనుభవంతో ఈసారి ప్రతి దేశం తన లెక్కలను ప్రపంచ డేటా కేంద్రాలకు పంపాలని నియమం పెట్టుకున్నారు. 'ఏ' కేంద్రం అమెరికాలో, 'బి' సోవియట్ యూనియన్‌లో, 'సి' పశ్చిమ యూరపు, జపాన్, ఆస్ట్రేలియాల్లో. ఒక చోటికి వచ్చింది నకలు తీసి మిగతా వాటికి పంపాలి. ఏ దేశపు శాస్త్రజ్ఞుడు అడిగినా నకలు ఖర్చు మాత్రం తీసుకుని ఇవ్వాలి. మాస్కోలో ఒకటి, అమెరికాలో ఒకటి ఉంటే, ఏ యుద్ధంలో ఎవరు గెలిచినా కాయితాలు మిగులుతాయి. మా అమ్మమ్మ పొలం దస్తావేజుల నకళ్ళు ఇద్దరు కొడుకుల ఇళ్ళలోనూ పెట్టించేది. ఆవిడ భూభౌతిక శాస్త్రం చదవలేదు!

ఈ జాగ్రత్త అతిశయం కాదని ఈ మధ్యనే మరోసారి తేలింది. అమెరికా ప్రభుత్వపు వాతావరణ లెక్కల పెద్ద భాండాగారం నార్త్ కరోలినాలో యాష్‌విల్‌లో ఉంది. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను వరదలకు ఆ ఊరే మునిగింది. తుఫానుల చరిత్ర దాచిన చోట తుఫాను వచ్చి కరెంటు, నీళ్ళు, నెట్‌వర్కు తెగిపోయి ఆ సేవలు ఆగిపోయాయి. దాచిన లెక్కలు మాత్రం భద్రంగా ఉన్నాయి.

సరే, భూమికి సంబంధించినంత వరకు బాగానే ఉంది. సముద్రాల మాటేమిటి? అట్లాంటిక్, పసిఫిక్ గురించి తెలిసిన దానిలో పదోవంతు కూడా హిందూ మహాసముద్రం గురించి అప్పటికి తెలియదు. మన తీరంలో ఆ పని వాల్తేరులో మొదలైంది. 1952లో అమెరికా నేవీ ప్రయోగశాలలో పనిచేసే యూజీన్ లాఫాండ్ ఫుల్‌బ్రైట్ ప్రొఫెసరుగా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చాడు. అక్కడ భూగర్భశాస్త్ర శాఖలో ఆచార్య సి. మహదేవన్ ఉండేవారు. వీళ్ళు భారత నౌకాదళం ఓడలను అడిగి తీసుకుని, విద్యార్థులను ఎక్కించుకుని సముద్రంలోకి వెళ్ళి ఉష్ణోగ్రత, ఉప్పదనం, అడుగు లోతు కొలిచారు. ఎండాకాలానికి ముందు గాలుల వల్ల మన తీరం పక్కన అడుగు నీళ్ళు చల్లగా పైకి లేస్తాయని చూపించారు. చేపలు ఎక్కడ దొరుకుతాయో జాలరులకు తెలుసు, ఎందుకు దొరుకుతాయో ఈ లెక్కలు చెప్పాయి. ఆ వ్యాసాలను విశ్వవిద్యాలయమే పుస్తకాలుగా అచ్చువేసింది.

ఇందులో మనం గర్వపడవలసిన చిన్న సంగతి ఒకటుంది. మన తూర్పు తీరానికి అవతల, సముద్రం అడుగున పెద్ద పెద్ద లోయలు ఉన్నాయి. 1964లో లాఫాండ్ వాటి మీద వ్యాసం ప్రచురిస్తూ వాడిన పేర్లు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ. కనుక్కున్నవాడు తన పేరు పెట్టుకోకుండా తనతో ఓడ ఎక్కిన వాళ్ళ పేరు పెట్టడం సైన్సులో రోజూ జరిగే పని కాదు.

1959 నుంచి 1965 దాకా జరిగిన అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్ర ఇలాంటి ప్రయత్నాలన్నిటినీ ఒక తాటి మీదకు తెచ్చింది. పదమూడు పద్నాలుగు దేశాలు, సుమారు నలభై ఓడలు. అమెరికా పంపిన ఆంటన్ బ్రూన్ ఒకప్పుడు ప్రెసిడెంట్ ట్రూమన్ విహారనౌక. రాజకీయులు పేకాడుకున్న గదుల్లో చేపపిల్లల సీసాలు పెట్టారు. మన తరపున వెళ్ళిన నౌకాదళ యుద్ధనౌక పేరు కిస్ట్నా, అంటే కృష్ణా నదే, దొరల స్పెల్లింగులో. బొంబాయిలో అంతర్జాతీయ వాతావరణ కేంద్రం, కొచ్చిన్‌లో జీవశాస్త్ర నమూనాల కేంద్రం వెలిశాయి. యాత్ర ముగిశాక 1966 జనవరి 1న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పుట్టింది, అది గోవాలో స్థిరపడింది. ఇన్ని దేశాల ఓడలు కొలిచినవన్నీ కలిపి హవాయి విశ్వవిద్యాలయంలో క్లాస్ విర్ట్‌కీ 1971లో అట్లాసు తెచ్చాడు. ఏ ఒక్క దేశమూ ఒంటరిగా ఆ పుస్తకం వేయగలిగేది కాదు.

అయితే పంచుకోవడం ఎప్పుడూ సాఫీగా సాగలేదు. 1960లలో అమెరికా ప్రపంచమంతా దాదాపు 120 చోట్ల ఒకే రకం భూకంప యంత్రాలు పెట్టింది. అసలు ఉద్దేశం రష్యా భూగర్భంలో చేసే అణుపరీక్షలను పసిగట్టడం. కాని ఆ రికార్డుల ఫిల్ము నకళ్ళు ఎవరు అడిగినా ఇచ్చారు. వాటిని చూసే భూమి పైపొర పలకలుగా కదులుతోందన్న సిద్ధాంతం గట్టిపడింది. అదే అణుపరీక్షల కారణంగా చాలా దేశాలు, మన దేశంతో సహా, తమ భూకంప రికార్డులు వెంటనే బయటికి ఇవ్వడానికి జంకాయి. హైదరాబాదులో 1961లో పుట్టిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థలో ఫ్రాన్సు వాళ్ళ జియోస్కోప్ జాలానికి చెందిన కేంద్రం 1989 నుంచి ఉండడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. నదుల లెక్కలైతే మరీ. 2017లో సరిహద్దు తగువు జరిగినప్పుడు చైనా ఆ వానాకాలం బ్రహ్మపుత్ర నీటిమట్టాలు మనకు పంపలేదు, మరుసటి ఏడు మళ్ళీ మొదలుపెట్టింది. వరదలో ఉన్నది అస్సాం రైతు, తగువుపడ్డది వేరెవరో.

డబ్బు ఇంకో అడ్డం. లాండ్‌శాట్ ఉపగ్రహం బొమ్మలు నేరుగా దింపుకోవడానికి షాద్‌నగర్‌లో 1979లో కేంద్రం పెట్టారు. 1980లలో అమెరికా ఆ బొమ్మల అమ్మకాన్ని ప్రైవేటు కంపెనీకి అప్పజెప్పింది. ఒక్కొక్క దృశ్యం ధర వేల డాలర్లకు వెళ్ళింది. పేద దేశాల విద్యార్థులు తమ పొలాల బొమ్మను తామే కొనలేకపోయారు. 2008లో ఆ భాండాగారం మొత్తాన్ని ఉచితంగా తెరిచాక గాని దాని అసలు విలువ ఎవరికీ తెలియలేదు. పన్నులు కట్టేవాళ్ళ డబ్బుతో తీసిన బొమ్మను పెట్టెలో పెట్టి తాళం వేయడం నాకు ఎన్నడూ అర్థం కాని వ్యాపారం.

ఇక 2004 డిసెంబరు 26. ఉదయం ఆరున్నర అయింది మన దేశంలో, సుమత్రా పక్కన సముద్రం అడుగున భూమి కదిలినప్పుడు. హవాయిలోని సునామీ కేంద్రం పదిహేను నిమిషాల్లో పసిగట్టింది. కాని వాళ్ళ చేతిలో పసిఫిక్ దేశాల టెలిఫోన్ నంబర్లే ఉన్నాయి. హిందూ మహాసముద్రంలో హెచ్చరిక ఏర్పాటే లేదు, నీటిమట్టాన్ని అప్పటికప్పుడు పంపే కేంద్రాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. కెరటం మన తీరానికి రావడానికి రెండు గంటలకు పైగా పట్టింది. రెండు గంటలంటే ఒక సినిమాకు కాస్త తక్కువ. తీరం నుంచి కిలోమీటరు నడవడానికి అంతకంటే చాలా తక్కువ చాలు. మొత్తం 2,20,000 మందికి పైగా పోయారు. తమిళనాడులో వేలమంది, ఆంధ్రలో వంద మందికి పైగా. అంతకు ముందు ఏడాదే, 2003లో, ఇద్దరు శాస్త్రజ్ఞులు 1881 నాటి కార్ నికోబార్ భూకంపం గురించి వ్యాసం రాశారు. ఆ భూకంపం లేపిన కెరటం బంగాళాఖాతం చుట్టూ ఎనిమిది చోట్ల పోటు కొలిచే యంత్రాల కాగితాల మీద గీతలుగా పడింది. సర్వే శాఖ వాళ్ళు ఆ గీతలను అచ్చువేసి ఉంచారు కాబట్టి నూట ఇరవై ఏళ్ళ తరవాత ఆ భూకంపం పరిమాణం లెక్కకట్టగలిగారు. బంగాళాఖాతంలో సునామీ వస్తుందన్న సాక్ష్యం కాయితం మీద ఉంది, రేవుల్లో గంట మోగించే మనిషి లేడు.

ఆ తరవాత పని వేగంగానే జరిగింది. హైదరాబాదు ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం (అది 1999 నుంచి ఉంది) 2007 అక్టోబరులో సునామీ హెచ్చరికలు మొదలుపెట్టింది. సముద్రం లేని ఊళ్ళో సముద్రం ఆఫీసు ఏమిటని హాస్యమాడేవాళ్ళు ఉన్నారు. హుస్సేన్‌సాగర్ ఉంది కదా అని జవాబు చెప్పవచ్చు గాని, నిజానికి కెరటానికి అందని చోట ఉండడమే ఆ ఆఫీసుకు క్షేమం. 2011 నుంచి ఇండియా, ఆస్ట్రేలియా, ఇండోనేషియా మూడూ కలిసి ఈ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలన్నిటికీ హెచ్చరికలు పంపుతున్నాయి. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. హైదరాబాదు నుంచి పది నిమిషాల లోపలే సమాచారం వెళ్ళింది. మన ప్రధాన తీరానికి పెద్ద ముప్పు లేదని కూడా చెప్పగలిగారు. ఖాళీ చేయించనక్కరలేదని ధైర్యంగా చెప్పడం, ఖాళీ చేయమని చెప్పడం కంటే కష్టం.

తుఫానుల పేర్లు కూడా ఈ పంపకంలో భాగమే. 2004 నుంచి ఈ ప్రాంతపు దేశాలు తలా కొన్ని పేర్లు ఇచ్చి వరసగా వాడుతున్నాయి. ఇప్పుడు పదమూడు దేశాలు. 2014 అక్టోబరు 12న విశాఖను ఊడ్చేసిన హుద్‌హుద్ పేరు ఒమన్ ఇచ్చింది. అది ఒక పిట్ట పేరు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో దాదాపు పదివేల మంది పోయారు. హుద్‌హుద్‌లో పోయినవారు పదుల్లో. రెండు తుఫాన్లూ ఒకే రకం కావు, దివిసీమ పల్లం, ఉప్పెన అక్కడ ఎక్కువ, పోల్చడంలో జాగ్రత్త అవసరం. అయినా నాలుగైదు రోజుల ముందు నుంచి దారి తెలియడం, లక్షల మందిని కదిలించడం ఆ తేడాలో పెద్ద భాగం. ఆ దారి గీసింది ఒక్క మన ఉపగ్రహం కాదు, ఎన్నో దేశాల వాళ్ళ కొలతలు.

ఇప్పుడు ప్రపంచ సముద్రాల్లో సుమారు నాలుగు వేల ఆర్గో తేలుడు యంత్రాలు ఉన్నాయి. మనిషంత ఎత్తు గొట్టాలు. ఒక్కొక్కటీ రెండు వేల మీటర్ల లోతుకు మునిగి, పది రోజులకోసారి పైకి తేలి, దారిలో కొలిచిన వేడినీ ఉప్పదనాన్నీ ఉపగ్రహానికి చెప్పి మళ్ళీ మునుగుతుంది. చెప్పింది ఒక రోజులో ఎవరికైనా ఉచితంగా అందుతుంది. హిందూ మహాసముద్రంలో తేలే వాటి లెక్కలు సరిచూసే ప్రాంతీయ కేంద్రం ప్రగతినగర్‌లోనే ఉంది. మీ ఇంట్లో హైస్కూలు పిల్లలు సైన్స్ ఫెయిర్‌కి ఏం చేయాలని వేధిస్తుంటే, బంగాళాఖాతంలో ఉన్న ఒక గొట్టాన్ని ఎంచుకుని ఒక అక్టోబరు నెల ఉష్ణోగ్రతలు గీయమనండి. కాకినాడ అవతల తుఫాను దాటిన వారం నీళ్ళు ఎంత చల్లబడ్డాయో ఆ గీతలో వాళ్ళకే కనిపిస్తుంది.